జపాను బొమ్మలు - మన బొమ్మలపెట్టె

బొమ్మలు పసిపిల్లల వస్తువులని లోకము తేలికగా ననును గాని, మన యిండ్లలో బొమ్మలను తరతరములుగా భద్రపరచినవారు పిల్లలు కారు, అవ్వలు. సంక్రాంతికి గాని దసరాకు గాని కొలువుపెట్టు నిండ్లలో బొమ్మలపెట్టె తాళపుచెవి పెద్దముత్తైదువ కొంగుననే యుండును. పాతచీర తునకలలో చుట్టిన బొమ్మలను ఏడాదికొకమారు వెలికిదీసి, దుమ్ము తుడిచి, మెట్లపై నిలిపి, పేరంటాండ్రను పిలిచి చూపుదురు. ఏటేట నొక్క క్రొత్త బొమ్మనైనను చేర్పవలెనను నియమమును పాటింతురు. ఈ పనినే నేటి పట్టణవాసులు కలెక్షను అనుచున్నారు. పేరు క్రొత్తది, పని పాతది.

ఈ నెల మేము ముచ్చటింపదలచినది జపానునుండి వచ్చు వినైలు బొమ్మలను గూర్చి. ఒకవంక మామిడితోటలు, ఒకవంక సోమశిల దరి కృష్ణమ్మయు గల మా కొల్లాపురమునకు జపాను బొమ్మతో పనియేమని కొందరు నవ్వవచ్చును. కాని పాత సంస్థానపుటూరైన దీనికిని నేడు తపాలా మూటలలో నవి చేరుచునే యున్నవి.

నిజమునకు జపాను బొమ్మ మన దేశమునకు క్రొత్త చుట్టము కాదు. 1939 నాటి మహాయుద్ధమునకు ముందే చవుకైన జపాను సరకులతోపాటు సెల్యులాయిడు బొమ్మలును మన యంగళ్ల కెక్కినవి. దూదినుండియు కర్పూరమునుండియు చేయబడు నా పదార్థము చేతికి తేలికయే గాని, నిప్పు తగిలినచో భగ్గుమనును. అందువలన యుద్ధానంతరము దాని స్థానమును మెత్తని వినైలు క్రమముగా నాక్రమించెను. సాఫ్టు వినైలు అను మాటను కుదించి జపానీయులు దీనిని సోఫుబి యందురు.

దీనిని చేయు తీరు వినదగినది. శిల్పి మొదట మైనముతో మూర్తిని దిద్దును. దానిపై లోహపుపూత నెక్కించి అచ్చు తీయుదురు. ఆ అచ్చులో ద్రవరూపమైన వినైలును పోసి, కాగిన నూనెలో ముంచగా, అంచుననున్నది గట్టిపడును. నడిమి ద్రవమును వంచివేయుదురు. వేడి యారకముందే పటకారుతో బొమ్మను అచ్చునుండి లాగవలెను. ఆలస్యమైన రాదు, తొందరపడిన చిరుగును. తల, చేతులు, కాళ్లు వేరువేరుగా తీసి, అతికి, రంగు చిమ్ముదురు. టోక్యో నగరమున కత్సుషిక యను భాగమున నిట్టి చిన్న కార్ఖానాలు నేటికిని కలవు.

1954లో గాడ్జిలా యను రాక్షసబల్లి చలనచిత్రము వెలువడెను. 1966లో మరుసన్ అను సంస్థ అట్టి రాక్షసుల వినైలు బొమ్మలను బాలురకై విక్రయించెను. ఆ బాలురే పెద్దవారై, జీతములు తెచ్చుకొను నాటికి, చిన్ననాటి బొమ్మలను మరల వెదకసాగిరి. 1990 దశకమున టోక్యోలోని హరజుకు వీథిలో బౌంటీ హంటర్ వంటి అంగళ్లు పెద్దల కొరకే బొమ్మలు చేయించెను. 1999లో ఆ అంగడివారు న్యూయార్కు చిత్రకారుడు కాస్ యొక్క కంపానియన్ అను బొమ్మను వెలువరించిరి. 1996లో స్థాపితమైన మెడికామ్ టాయ్ సంస్థ 2001లో బేర్‌బ్రిక్ అను ఎలుగుబంటి బొమ్మను తెచ్చెను. అది గట్టి ప్లాస్టికుది, సాధారణముగా 7 సెంటీమీటర్ల యెత్తుది. ఇట్లు బొమ్మకు శిల్పి పేరును, లెక్కించిన సంఖ్యయు నంటుకొన్నవి. అచ్చు ఒకటే, రంగు మార్చి, కొద్దిగా చేసి, మరల చేయమందురు. వెల పెరుగుటకు కీలకమిదియే.

ఇటీవల పిల్లల సంచులకు వ్రేలాడు లబుబు జపాను బిడ్డ కాదని చదువరు లెఱుగవలెను. హాంకాంగున జన్మించిన కాసింగ్ లంగ్ అను చిత్రకారుడు 2015లో దానిని సృజించెను. 2019నుండి చైనాలోని పాప్ మార్ట్ సంస్థ విక్రయించుచున్నది. 2025 జూనులో బీజింగునందు మనిషియెత్తు లబుబు యొకటి వేలమున 10 లక్షల 80 వేల యువానులకు పోయెను. మన రూపాయలలో నది కోటికి పైమాట. ఇట్టి వార్తలు విన్న తల్లులకు గుండె దడదడలాడుట సహజమే.

మా యూరి సోదరి యొకతె మాకిట్లు వ్రాసినది. ఆమె కుమార్తె హైదరాబాదులో నుద్యోగము చేయుచు మూడేండ్లలో నలువదికి పైగా బొమ్మలు కూర్చినది. ఇంటిలోని గాజు అల్మార యంతయు నవియే. వచ్చు నెలలో పెండ్లివారు పిల్లను చూడవత్తురట. 'ఇంత యెదిగిన పిల్లకు బొమ్మలేమిటని వారు నవ్వుదురేమో. అంతలోపల వీనిని వాడకట్టు పిల్లలకు పంచిపెట్టవచ్చునా?' యని యామె ప్రశ్న. కూతునితో ఈ మాట ఇంకను చెప్పలేదట.

సోదరీ, చెప్పక పంచవలదు. ఆ బొమ్మలు మీ బిడ్డ కష్టార్జితము. మన అవ్వ పెట్టెలోని బొమ్మ నామె యెఱుగకుండ పరులకిచ్చు సాహసము మన యింట నెవరికైనను కలిగెనా? ఇరువదియైదేండ్ల పిల్ల పెట్టెకును ఆ మర్యాదయే చెల్లవలెను. అదియునుగాక, ఇట్టి బొమ్మలలో ననేకముల పెట్టెలపై 15 ఏండ్లు నిండినవారికే యని వ్రాసియుండును. పసివారు చిన్నభాగములను నోట పెట్టుకొందురు. 2025 ఆగస్టున అమెరికా వినియోగవస్తు భద్రతా సంఘము నకిలీ లబుబులను గూర్చి ఇట్టి హెచ్చరికయే చేసినది. మన దేశమున 2021 జనవరి 1 నుండి పిల్లల ఆటవస్తువులపై ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి, పిల్లలకు కొనునపుడు దానిని చూచియే కొనుడు.

ఇక పెండ్లివారి మాట. జపానులో మార్చి 3వ తేదీన హినమత్సురి యను పండుగ కలదు. ఎఱ్ఱగుడ్డ పరచిన మెట్లపై రాజును రాణిని పైన నుంచి, పరివారమును క్రింద నిలిపి, ఆడుబిడ్డల క్షేమము కోరుదురు. మన కొలువునకు తోబుట్టువే కాదా? బొమ్మలను చూచి నవ్వువారికి మీ అమ్మాయినే ఈ కథ చెప్పనిండు. విని ముచ్చటపడువా రెవరో, వెక్కిరించువా రెవరో పెండ్లికి ముందే తెలియుట మేలు.

అయితే కుమార్తెను మీరడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. బొమ్మను చూచి కొనుచున్నదా, మూసిన పెట్టెను కొనుచున్నదా? లోపలనున్న దేదో తెలియని పెట్టెలు నేడు విరివిగా నమ్ముడగుచున్నవి. ఒక వరుసలో 12 రకము లుండి, ప్రతి పెట్టెలోను ఏ రకమైనను సమానావకాశముతో వచ్చు ననుకొందము. 12 పెట్టెలు కొన్న 12 బొమ్మలును దొరకునని పిల్లలు తలంతురు. లెక్కవేసి చూచిన, అన్నియు చేరుటకు సగటున 37 పెట్టెలు కొనవలసివచ్చును. చివరి యొక్క బొమ్మకే సగటున 12 పెట్టెలు. అనగా మూడింట రెండు వంతులు వచ్చినవే మరల వచ్చునన్నమాట. ఇది బొమ్మలపై ప్రీతి కాదు, పాచికలపై ప్రీతి. తెరచియున్న బొమ్మను కొంచె మెక్కువ వెలకైనను చూచి కొనుట, లేదా తోటివారితో మార్చుకొనుట గృహస్థ ధర్మము. నెలకింతయని ముందే యొక మొత్తము విడిచిపెట్టి, దానిని దాటకుండుట మేలు. వెల పెరుగును గదా యని యప్పుచేసి కొనుట మాత్రము తగదు. నేడు పెరిగిన వెల రేపు పడవచ్చును, అప్పు పడదు.

కొన్నవానిని కాపాడుకొను విధము గూడ చెప్పెదము. మన పాలమూరు సీమ యెండకు వినైలు మెత్తబడి వంగును, రంగు వెలయును. కావున కిటికీదరి నుంచరాదు. ఏండ్లు గడచిన కొలది దానిని మెత్తపరచుటకు కలిపిన ద్రవ్యము పైకుబికి బొమ్మ జిగటయగును. అట్టిదానిని గోరువెచ్చని సబ్బునీట కడిగి, నీడన నారబెట్టవలెను. గోళ్లరంగు చెరపు ద్రావకము తగిలించిన బొమ్మ రంగును పోవును. పెట్టెలో నాఫ్తలీను గుండ్లు వేయరాదు. వాని యావిరి కొన్ని ప్లాస్టికులను చెఱచును.

జపాను బొమ్మల ముచ్చటలో మన బొమ్మలను మరువరాదు. వరాహనదీతీరమున ఏటికొప్పాకలో అంకుడుకర్రను చక్రముపై త్రిప్పి, లక్కరంగులెక్కించి చేయు లక్కపిడతలను, ఈశాన్య జపానులోని వేడినీటి బుగ్గల యూళ్లలో చక్రముపైననే చేయు కొకేషి బొమ్మలను ప్రక్కప్రక్కన నుంచిన నక్కచెల్లెండ్ర వలె నుండును. నిర్మలలోను కొండపల్లిలోను పొనికికర్ర బొమ్మలు చేయువారు కలరు. గాజు అల్మారలో నొక అర వీరికై విడిచిన, కూర్పునకు శోభ, చేసినవారికి కూడు.

తుద కొక్కమాట. మన తెలంగాణమున బొమ్మను దాచుటయే కాదు, విడుచుటయు నేర్పిరి. బతుకమ్మకు ముందు కన్నెపిల్లలు పుట్టమన్నుతో మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, చుట్టును తిరిగి పాడి, ఆటముగిసిన దినమున నీట కలిపివేయుదురు. అంత ప్రేమతో చేసిన దానిని కన్నీరు లేక సాగనంపుదురు. బొమ్మలు కూర్చు మన బిడ్డలకు అవ్వ పెట్టెనుండి జాగ్రత్తయు, బొడ్డెమ్మనుండి వైరాగ్యమును రెండును కావలెను. ఏ బొమ్మను చూచిన చాలునో, ఏది కొనవలెనో, ఏది యొకనాడు సంతోషముతో మరియొకరి చేతిలో పెట్టవలెనో తెలిసిన పిల్ల సంసారమును గూడ చక్కగా దిద్దుకొనును. తల్లులు తాళము వేయుటకు బదులు, ఒక సాయంకాలము ఆ అల్మార ముందు కూర్చుండి, 'ఈ బొమ్మ పేరేమమ్మా?' యని యడుగుడు.