అసెంబ్లీ భాష మనకెందుకు?

కంప్యూటర్ కోర్సుల్లో చేరిన మన హాస్టల్ విద్యార్థులను "ఏ సబ్జెక్టు అంటే భయం?" అని అడిగి చూడండి. ఎక్కువ మంది చెప్పేది ఒకటే. కొన్ని కాలేజీల్లో దాన్ని కంప్యూటర్ ఆర్గనైజేషన్ అంటారు, కొన్నిచోట్ల మైక్రోప్రాసెసర్స్ అంటారు, మరికొన్నిచోట్ల కంప్యూటర్ సిస్టమ్స్ అంటారు. పేరు ఏదైనా విషయం ఒక్కటే. మనం రాసిన ప్రోగ్రాం యంత్రం లోపల ఎలా నడుస్తుందో తెలుసుకోవడం, ఆ యంత్రానికి బాగా దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం. "పాస్ మార్కులు వస్తే చాలు, ఉద్యోగానికి ఇది పనికిరాదు" అని సీనియర్లు చెబుతారు, జూనియర్లు నమ్ముతారు. ఈ మాట సరైనది కాదనీ, ముఖ్యంగా మనలాంటి వాళ్లకు నష్టం చేసే మాట అనీ నా అభిప్రాయం.

సీనియర్ల మాటలో సగం నిజం ఉంది. దాన్ని ముందే ఒప్పుకుందాం. నేడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారిలో అసెంబ్లీలో ప్రోగ్రాం రాసేవారు చాలా తక్కువ. ఆ పని కంపైలర్ చేసిపెడుతుంది. పైగా ఇంట్లో అమ్మానాన్నలు కూలి డబ్బుల్లోంచి పంపిస్తూ "ఉద్యోగం ఎప్పుడు?" అని ఎదురు చూస్తుంటే, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు మీదకే మనసు పోతుంది. ఆ కోర్సులు వద్దని నేను అనను. కానీ పునాది లేకుండా పై అంతస్తు కట్టవచ్చునా?

అసలు ఈ సబ్జెక్టు అంటే భయం ఎందుకు? కష్టమైనది కాబట్టి కాదు, చెప్పే తీరు వల్ల. నేను చదివిన చోట ఇంటెల్ 8086 ప్రాసెసర్‌కు ఉన్న 40 పిన్నుల బొమ్మను బట్టీ పట్టించారు. ల్యాబ్‌లో ఒక కిట్ చుట్టూ ఏడెనిమిది మందిమి నిలబడేవాళ్లం. రికార్డులేమో పోయిన ఏడాది బ్యాచ్‌వి చూసి ఎక్కించేవాళ్లు. 1978లో వచ్చిన ఆ ప్రాసెసర్ మీద పాఠం చెప్పడంలో తప్పులేదు. చిన్న యంత్రం మీద నేర్చుకోవడమే సులువు. అయితే పిన్ను నంబర్లు చెప్పి, లోపల జరిగే పని చెప్పకపోతే విద్యార్థికి మిగిలేది భయమే.

నిజానికి ఆ లోపలి పని మన మెస్‌లో రోజూ కనిపించేదే. వంట మాస్టారు ప్రాసెసర్ అనుకోండి. పొయ్యి పక్కన గట్టు మీద నాలుగైదు గిన్నెలే పడతాయి. అవి రిజిస్టర్లు. 8086లో సాధారణ వాడకానికి అలాంటివి ఎనిమిదే. బియ్యం, పప్పు ఉండే స్టోర్ రూము మెమొరీ. స్టోర్ రూములోంచి గిన్నెలోకి తేవడం, కలపడం, తిరిగి పెట్టడం – అసెంబ్లీ ఆదేశాల్లో ఎక్కువ భాగం ఇవే.

సి భాషలో పాయింటర్ అనగానే పుస్తకం మూసేస్తాం. మన గదుల్లో ట్రంకు పెట్టెలకు నంబర్లు వేసి ఉంటాయి కదా. 27 అనేది పెట్టె నంబరు, లోపల ఉన్నది వేరు. ఆ నంబరే పాయింటర్. స్టాక్ అంటే కడిగి బోర్లించిన కంచాల దొంతర. చివర పెట్టిన కంచమే ముందు చేతికి వస్తుంది. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పిలిచినప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో ఆ దొంతర మీదే రాసి పెట్టుకుంటుంది. ఇది తెలిసినవాడికి రికర్షన్ మాయలా కనిపించదు.

ఇవన్నీ తెలిస్తే ఏం లాభం అంటారా? మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది అంకెల సంగతి. ఎనిమిది బిట్లలో గుర్తుతో కూడిన సంఖ్యలు –128 నుంచి 127 వరకే పడతాయి. 127కు ఒకటి కలిపితే –128 అవుతుంది. ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు. 1996 జూన్ 4న యూరప్‌కు చెందిన ఏరియన్ 5 రాకెట్ తన తొలి ప్రయాణంలో నిమిషం తిరగకుండానే ధ్వంసమైంది. పెద్ద విలువను 16 బిట్లలోకి ఇరికించబోతే అది పట్టలేదు. పాత ఏరియన్ 4లో పనిచేసిన ప్రోగ్రాం భాగాన్నే దీనిలోనూ వాడారు. కొత్త రాకెట్ వేగానికి ఆ సంఖ్య పెరిగిపోయింది. ఇక ముందు రాబోయేది ఇంకొకటి ఉంది. 1970 నుంచి సెకండ్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత వ్యవస్థలకు 2038 జనవరి 19న ఆ చోటు నిండిపోతుంది. అప్పటికి మనం నడివయసు ఉద్యోగులం. సరిచేయాల్సింది మన తరమే.

రెండవది వేగం. మెస్‌లో వడ్డించేవాడు బకెట్ పట్టుకుని ఒక వరుస పూర్తిచేసి రెండో వరుసకు వెళతాడు. అలాకాకుండా ప్రతి వరుసలో మొదటివాడికి, ఆ తర్వాత ప్రతి వరుసలో రెండోవాడికి వడ్డిస్తూ పోతే సాంబారు చల్లారిపోతుంది. సి భాషలో రెండు కొలతల అర్రే మెమొరీలో వరుసలుగానే ఉంటుంది. ప్రాసెసర్ ఒకసారికి ఒక్క సంఖ్యను కాక, సాధారణంగా 64 బైట్లను క్యాష్‌లోకి తెచ్చుకుంటుంది. అంటే నాలుగు బైట్ల సంఖ్యలు పదహారు. అర్రే పెద్దదైతే, లూపులు రెండింటినీ తారుమారు చేసినంత మాత్రాన అదే ప్రోగ్రాం ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది. జవాబు మాత్రం ఒకటే వస్తుంది. కారణం తెలియనివాడు కొత్త కంప్యూటర్ కొనమంటాడు.

మూడవది మన భాష. 'అమ్మ' అనే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నాలుగు బైట్లు. తెలుగులో యూనికోడ్ ప్రకారం అ, మ, పొల్లు, మళ్లీ మ – నాలుగు గుర్తులు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున మొత్తం పన్నెండు. పేరు రాయడానికి 20 బైట్లు చాలనుకుని ఎవరైనా ప్రోగ్రాం రాస్తే, ఆరు గుర్తులు దాటిన తెలుగు పేరు మధ్యలో తెగిపోతుంది. మన పేర్లు తెగిపోకుండా ఉండాలంటే బైటు అంటే ఏమిటో తెలిసినవాళ్లు మనలో నుంచి రావాలి.

నేను గమనించిన మరో ముఖ్య విషయం ఉంది. వెబ్ డిజైనింగ్‌లోనో జావాలోనో చిన్నప్పటి నుంచి ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడు మనకంటే ముందే ఉంటాడు. ఈ సబ్జెక్టులో మాత్రం అందరం దాదాపు ఒకే గీత దగ్గర నిలబడతాం. రిజిస్టర్ల గురించి ఇంట్లో నేర్చుకుని వచ్చేవాడు ఎక్కడో గాని ఉండడు. ఇంగ్లీషు కూడా పెద్దగా అక్కరలేదు. మూవ్, యాడ్, సబ్, కంపేర్, జంప్ – పునాది మాటలు పాతికకు మించవు. ల్యాప్‌టాప్ లేకపోయినా ఫరవాలేదు. తెల్ల కాగితం మీద రిజిస్టర్ల గడులు గీసుకుని, ఒక్కో ఆదేశానికి ఏ గడిలో విలువ ఎలా మారిందో పెన్సిలుతో రాసుకుంటూ పోతే సగం కోర్సు వచ్చేస్తుంది. పదవ తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవారికి ఇంతకంటే న్యాయమైన సబ్జెక్టు నాకు కనిపించలేదు. అలాంటి దాన్నే మనం వదిలేసుకుంటే ఎలా?

"ఇప్పుడు ఏఐ అన్నీ రాసిపెడుతోంది కదా" అని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. రాసిపెట్టేది వచ్చినప్పుడే, రాసింది తప్పో ఒప్పో చెప్పగలిగేవాడి విలువ పెరుగుతుంది. పైపైన నేర్చుకున్న పని ముందుగా యంత్రానికి పోతుంది.

బాబాసాహెబ్ అంబేద్కర్ లండన్‌లో 1923లో డి.ఎస్‌సి. పట్టా పొందింది రూపాయి సమస్య మీద పరిశోధనకు. డబ్బు లెక్కపెట్టే ఉద్యోగానికి అంత చదువు అవసరం లేదు. డబ్బు అనే వ్యవస్థ లోపల ఎలా నడుస్తుందో ఆయన తెలుసుకోదలచారు. మన చదువుకూ అదే కొలత కావాలి. వాడుకునేవాళ్లుగా మిగిలిపోవడమా, లోపల ఏముందో తెలిసి తయారుచేసేవాళ్లం కావడమా?

ఇక చేయదగిన పనులు కొన్ని చెబుతాను. హాస్టల్ కంప్యూటర్లలో ఉచితంగా దొరికే జిసిసి కంపైలర్ పెట్టించాలి. మనం రాసిన సి ప్రోగ్రాం అసెంబ్లీలోకి ఎలా మారిందో అది చూపిస్తుంది. ఐఐటీ అధ్యాపకుల ఎన్‌పిటిఎల్ వీడియో పాఠాలు ఉచితం. ఆదివారం ఒక గంట అందరూ కలిసి చూడవచ్చు. పాత 8086తో పాటు రిస్క్-ఫైవ్‌ను కూడా పరిచయం చేసుకోవాలి. దాని మూల ఆదేశాలు నలభై మాత్రమే. ఐఐటీ మద్రాసులో రూపొందిన 'శక్తి' ప్రాసెసర్లు దాని మీదే ఆధారపడ్డాయి. గేట్ పరీక్ష రాయాలనుకునేవారికి కంప్యూటర్ ఆర్గనైజేషన్ సిలబస్‌లోనే ఉంది. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒకటే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు జ్ఞాపికలతో పాటు ఈ సబ్జెక్టు పుస్తకాలు నాలుగు తెండి. ఒక సాయంత్రం ఉండి పాయింటర్లు, స్టాక్ తెలుగులో చెప్పి వెళ్లండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సీనియర్లు భయపెట్టారని ఏ సబ్జెక్టునూ పక్కన పెట్టకండి. ఈ సెమిస్టర్‌లో ఒక్క చిన్న ప్రోగ్రాం, పది సంఖ్యలు కూడేది చాలు, ఎవరి రికార్డూ చూడకుండా అసెంబ్లీలో సొంతంగా రాయండి. ఆ తర్వాత కూడా ఇది పనికిరాని సబ్జెక్టు అనిపిస్తే, వచ్చే వార్షిక సంచికలో నాకు జవాబు రాయండి.

– ఎం.సి.ఎ. విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి