నలుగురు గుంటలకు ఓ గుంట

మొన్న వేసవిలో పొందూరు పక్క ఊళ్లో అమ్మవారి పండగ. రాత్రి తొమ్మిదయింది. లారీ మీద స్టేజీ, అటూ ఇటూ మనిషెత్తు బాక్సులు, కీబోర్డు, రిథమ్ ప్యాడు, ఇద్దరు గాయకులు. ఆర్కెస్ట్రా వాళ్లు టీకి దిగిన పది నిమిషాల్లో గిటారు పట్టుకున్న కుర్రాడొకడు మైకు అడిగి పుచ్చుకున్నాడు. పాట తను కట్టిందే, వాళ్ల ఊరి చెరువు మీద. మొదటి చరణంలో గొంతు జారింది. సర్దుకున్నాడు. రెండోది ఎత్తుకోబోతుంటే కమిటీ పెద్దాయన వచ్చి "ఏటి బావూ ఇది, సినిమా పాటెయ్యండి" అన్నాడు. కుర్రాడు అరచేత్తో తీగలు మూసి దిగిపోయాడు.

పెద్దాయనను నేను తప్పుపట్టను. ఏడాదికోసారి వచ్చే పండగ, ఇంటింటా ఎత్తిన చందా, ఎదురుగా వెయ్యి మంది జనం. సగం ఉడికిన పాటను అక్కడ ఎవరు వడ్డించనిస్తారు? ఆ కుర్రాడికి అది తప్ప ఇంకో చోటు లేకపోవడమే నాకు బాధ.

మా శ్రీకాకుళం వైపు గుంటడంటే పిల్లాడు, గుంట అంటే పిల్ల. పొందూరులో గుంట అంటే మగ్గం గుంట కూడా. నేతగాడు నడుం దాకా నేలలోకి దిగి, కాళ్లతో పావళ్లు తొక్కుతూ కూర్చుంటాడు. వాలుగ చేప దవడతో దువ్విన పత్తి, నూరో నంబరు నూలు, ఊరికి పేరు తెచ్చిన సన్నఖాదీ అన్నీ చేరేది ఆ గుంట దగ్గరికే. ఎన్ని పోగులు తెగితే ఒక పంచె దిగుతుందో ఆ గదిలో వాళ్లకే తెలుసు. పోగు తెగినప్పుడు చూసి నవ్వే జనం అక్కడుండరు, పక్కన కూచుని ముడి వేసే మనిషి ఉంటుంది. పాటకూ అలాంటి గుంట ఒకటి కావాలి.

రాక్ సంగీతం పెరిగిన చోట్లు చూస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. లివర్‌పూల్‌లో కావెర్న్ క్లబ్ ఒక గిడ్డంగి కింద నేలమాళిగ. 1957లో తెరిచారు, అదీ జాజ్ కోసం. బీటిల్స్ 1961 నుంచి 1963 దాకా అక్కడ దాదాపు 290 సార్లు వాయించారు, చాలాసార్లు మధ్యాహ్న భోజనం వేళ, ఆఫీసుల నుంచి పరిగెత్తుకొచ్చే పిల్లల కోసం. న్యూయార్క్‌లో హిల్లీ క్రిస్టల్ 1973లో తెరిచిన సీబీజీబీ అయితే మరీ తమాషా. కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ వినిపిద్దామని పెట్టుకున్న పేరది. అవేవీ నిలవలేదు. రామోన్స్, ప్యాటీ స్మిత్, టాకింగ్ హెడ్స్ లాంటి రాక్ వాళ్లు వచ్చి పడ్డారు. అక్కడి మరుగుదొడ్ల కంపు గురించి రాయని వాళ్లు లేరు. అయినా క్రిస్టల్ పెట్టిన ఒక్క నిబంధన ఆ చోటును నిలబెట్టింది: ఇక్కడ ఎవరి పాట వాళ్లే పాడాలి. మా కమిటీ పెద్దాయన మాటకు సరిగ్గా తిరగేసిన మాట.

రాక్ మనది కాదు కదా అనే వాళ్లు విజయనగరం ఒకసారి గుర్తుచేసుకోవాలి. వయొలిన్ మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1919లో అక్కడ సంగీత కళాశాల పెడితే, విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడిని వయొలిన్ ఆచార్యుడిగా కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఫిడేలు పరాయిదని అన్నవాళ్లు లేరు. తప్పెటగుళ్లు చూసినవాడికి రాక్ కొత్తగానూ ఉండదు. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెట, రెండు చేతుల మోత, కాళ్ల గజ్జెలు, చెమట. జముకు తీగ లాగితే వచ్చే గుమ్మనే నాదం బేస్ గిటారుకు మేనమామ.

ఆ జముకు మీద చెప్పే జముకుల కథనే విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి ఊళ్లలోకి మోసుకెళ్లాడు, 1969లో పోలీసు తూటాలకు పోయేదాకా. షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు పాటలు జనం ముందే పదునెక్కాయి. ఏ మాటకు జనం తలెత్తారో, ఏ మాటకు పక్కవాడితో కబుర్లలో పడ్డారో పాడేవాడికి కనిపిస్తుంది. మరునాడు ఆ మాట మారుతుంది. ఫోనులో ఇది జరగదు. మన శ్రీకాకుళం పాటలు యూట్యూబులో లక్షల మంది వింటున్నారు, సంతోషం. కానీ లెక్కలో అంకె పెరుగుతుందే గానీ, ఏ చరణం దగ్గర ఆవలించారో అంకె చెప్పదు. అందుకే కాబోలు, ఒక పాట హిట్టయితే అదే దరువు మీద ఇంకో పాతిక దిగుతున్నాయి.

ఇంజినీరింగు కాలేజీల్లో బ్యాండ్లు లేవా అంటే ఉన్నాయి. వార్షికోత్సవానికి పుడతాయి, పరీక్షల నోటీసుకు పోతాయి. మిగిలిన ఒకరిద్దరు వాయించాలంటే రైలెక్కి నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి విశాఖ పోవాలి, లేదా హైదరాబాదు. అక్కడ చోటిచ్చేది ఎక్కువగా పబ్బులు. వాటి బతుకు బీరు మీద. బీరు తాగేవాడికి తెలిసిన పాటే కావాలి కాబట్టి అక్కడా కమిటీ పెద్దాయనే, చొక్కా మారిందంతే. పెద్ద ఊళ్లలోనూ ఈ చోట్లకు ఆయుష్షు తక్కువ. బెంగళూరు ఇందిరానగర్‌లో సొంత పాటల బ్యాండ్లకు నిలయమైన హమ్మింగ్ ట్రీ 2013లో తెరిచి 2019లో మూసేశారు. దానికి ముందు ఏడాదే, ఆ ఊళ్లో సంగీతం వినిపించే హోటళ్లకు పోలీసు లైసెన్సు ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది.

నిద్ర పాడవుతుందనే ఇరుగుపొరుగును నేను కొట్టిపారేయను. పండగ డీజే కింద కిటికీ రెక్కలు అదిరిన ఇంట్లో ఉన్నవాణ్ణే. అయితే 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చూడండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడుస్పీకర్లు నిషేధం, నాలుగు గోడల మధ్య సభామందిరాలకూ కమ్యూనిటీ హాళ్లకూ తప్ప. బయట అర్ధరాత్రి దాకా మోగించుకోవాలంటే పండగలకు, ఉత్సవాలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించి సడలించకూడదు. మా వాడుకలో ఇది తలకిందులైంది. బజారులో బాక్సులకు అడ్డు లేదు, తలుపులేసుకుని వాయించుకునే గదే లేదు.

గది కొత్తగా కట్టమని అడగడం లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. శాఖా గ్రంథాలయాల్లో పేపర్లు చదివేవాళ్లు వెళ్లిపోయాక బెంచీలు గోడకు చేరేస్తే యాభై అరవై మంది పడతారు. నెలకు రెండు శనివారాలు, ఎనిమిది నుంచి పది. మందు లేదు, బహుమతుల్లేవు, శాలువాలు అసలే వద్దు. తలకు ఇరవై రూపాయలు, అందులో సగం వాయించినవాళ్లకు. సినిమా పాట పాడకూడదు. ఒక వారం గిటారైతే ఒక వారం తప్పెటగుళ్లు, కుదిరితే రెండూ కలిపి. మొదటి ఆరు నెలలు పాటలు బాగుండవు, ముందే చెబుతున్నాను. జనం పదిమంది వస్తే గొప్ప.

చెరువు పాట కుర్రాడు మొన్న రైల్వే స్టేషన్లో కనిపిస్తే ఇదే చెప్పాను. ఉత్సాహపడతాడనుకున్నాను. కాసేపు ఆలోచించి "రెండు ప్లగ్గు పాయింట్లుంటే చాలండి" అన్నాడు. రైలు కదులుతుండగా తలుపు దగ్గర నిలబడి అరిచాడు: "పాడేటప్పుడు ఫ్యాను ఆపీమనండి, మైకులో గుర్రుమంటాది!"