అల్లరోడు అని పేరు పెట్టడం తేలిక, పరీక్ష చేయించడమే కష్టమా?

ఈసారి స్కాలర్‌షిప్ గురించి కాదు, మాతో పాటు హాస్టల్లో ఉండి మధ్యలోనే పోయిన ఒక పిల్లోడి గురించి రాస్తున్నాం.

మేము జగ్గయ్యపేట, నందిగామ వైపు తండాల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి వచ్చినోళ్లం. మా ఇళ్లల్లో మొదట కాలేజీ గడప తొక్కింది మేమే. ఎనిమిదో తరగతిలో మా పక్క పెట్టెవాడు మాత్రం ఇక్కడిదాకా రాలేదు. స్టడీ అవర్లో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయేవాడు. సార్ ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు అరిచేవాడు. పెన్ను, ప్లేటు, ఒక కాలి చెప్పు ఎప్పుడూ పోగొట్టుకునేవాడు. కానీ గదిలో ఫ్యాన్ ఆగితే విప్పి తిప్పింది వాడే. వాడికి దక్కింది గోడకుర్చీ, బెత్తం, "తండా బుద్ధి ఎక్కడికి పోద్ది" అనే మాట. మేమూ నవ్వాం, ఆ తప్పు మాది కూడా. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినోడు మిరప కోతలకు పోయాడు, మళ్లీ రాలేదు.

వాడికి ఏడీహెచ్‌డీ ఉందని మేము అనట్లేదు. ఉందో లేదో ఒక్కరన్నా చూశారా అని అడుగుతున్నాం.

ఏడీహెచ్‌డీ అంటే పొగరు కాదు, పెంపకం లోపం కాదు. మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. ధ్యాస నిలవదు, కుదురుండదు, ఆలోచించేలోపే పని జరిగిపోద్ది. కొందరు ఆడపిల్లల్లో అల్లరే కనపడదు, కిటికీలోకి చూస్తూ కూర్చుంటారు. వాళ్లను "మొద్దు" అని వదిలేస్తారు. దీన్ని తేల్చడానికి రక్తపరీక్ష లేదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలయ్యాయా, ఆరు నెలలకు పైగా ఉన్నాయా, బడిలోనే కాక ఇంట్లో కూడా కనపడుతున్నాయా అని డాక్టర్ అమ్మానాన్నల్ని, టీచర్ని అడిగి తేలుస్తాడు. చెవి, చూపు, నిద్ర, రక్తహీనత కూడా చూడాలి. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే పిల్లోడు క్లాసులో ఇంగ్లీషు పాఠం అర్థంకాక దిక్కులు చూస్తే అది జబ్బు కాదు. అందుకే అడ్డగోలుగా పేరు పెట్టొద్దు, అసలు చూడకుండానూ వదలొద్దు.

"డబ్బున్నోళ్ల రోగం మనకెందుకు" అంటారు మనోళ్లే కొందరు. డబ్బున్నోడి పిల్లోడికి డాక్టరు, మన పిల్లోడికి బెత్తం, తేడా అంతే. "మందులిచ్చి పిల్లల్ని మత్తులో పెడతారు" అంటారు ఇంకొందరు. ఈ భయాన్ని మేము కొట్టిపారేయం. కానీ వైద్యమంటే ఒక్క బిళ్ల కాదు. ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు అమ్మానాన్నలకే నేర్పిస్తారు. పెద్ద పిల్లలకు పనిని చిన్న ముక్కలు చేసి ఇవ్వడం, ముందు బెంచీలో కూర్చోబెట్టడం, మధ్యలో లేచి తిరగనివ్వడం. అవసరమైతేనే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు, అదీ డాక్టర్ చీటీ మీదే. దాంతో ఆకలి, నిద్ర తగ్గొచ్చు. హాస్టల్ కూడు తిని ముందే బక్కగా ఉన్న మన పిల్లలకు బరువు, బీపీ చూస్తూ ఇవ్వాలి. చూసే మనిషి లేకుండా మందిస్తే మేమే అడ్డం పడతాం.

మేము అడిగేది కొత్తదేం కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూడాలి. సర్కారు బడికి ఏడాదికోసారి టీం రావాలి. అది చూడాల్సిన 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. మాకు గుర్తున్నది బరువు, ఎత్తు, ఒక నులిపురుగుల మాత్ర. కొట్టడం, మనసు నొప్పించడం తప్పని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తోంది. బెత్తానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

తెల్లోళ్లు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మన ఎరుకలోళ్లను పుట్టుకతోనే నేరస్తులని రాశారు. ఆ చట్టం 1952లో పోయింది. "తండా బుద్ధి" అనే మాట పోలేదు. ముద్ర వేస్తే కులం మొత్తానికి అంటుద్ది, జవాబు చెప్పేవాడు ఉండడు. డాక్టర్ రాసే చీటీ ఒక్క పిల్లోడి గురించి, దాని కింద సంతకం ఉంటది, తప్పైతే నిలదీయొచ్చు. మాకు ఆ సంతకం కావాలి.

అందుకే మన పని ఇది. ఈ ఏడాది హాస్టల్‌కి హెల్త్ టీం వచ్చిందా, ఆ 30 సమస్యలూ చూసిందా అని వార్డెన్‌ని రాతపూర్వకంగా అడుగుదాం. విజయవాడ పెద్దాసుపత్రికి రాయాల్సిన పిల్లోడుంటే బస్సు ఛార్జీ, తోడు మనిషి హాస్టల్ బాధ్యత అని పట్టుబడదాం, అమ్మ ఒకరోజు కూలి పోగొట్టుకోకూడదు. ఎటు పోవాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఈ రాత్రి మీ హాస్టల్లో గోడకుర్చీ వేసినోడు ఒకడు ఉంటాడు. వాడిని చూసి నవ్వకండి. పక్కన కూర్చుని, లెక్కల పుస్తకం తీసి, ఒక్కటంటే ఒక్క లెక్క చేయించండి. పొద్దున్నే వాడి కోసం అడగడానికి ఆఫీసు రూముకి మనమంతా కలిసి పోదాం.