కారే కొళాయి ఎవరిది?

వాకిట్లోని కొళాయి కారుతూ ఉంటుంది. "యజమాని బాగు చేయిస్తాడులే" అని అద్దెకున్నవారు, "వాడుకునేవారే చూసుకోవాలి" అని యజమాని ఊరుకుంటారు. ఈ వాదన తెగేవరకు నీరు ఆగదు కదా!

సెకనుకు ఒక చుక్క, ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కించినా రోజుకు 4 లీటర్లకు పైగా వృథా అవుతుంది. దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు. ఐదు పూటల వుజూకు సరిపడే నీరు మన కళ్లెదుటే మట్టిపాలవుతున్నదన్నమాట!

మరమ్మతు కష్టమైనదేమీ కాదు. ట్యాంకు నుండి వచ్చే వాల్వును కట్టివేసి, కొళాయి త్రిప్పి గొట్టంలో మిగిలిన నీటిని వదలాలి. పాత రకం మర కొళాయి మూతి నుండి నీరు కారుతుంటే సాధారణంగా లోపలి వాషరు అరిగి ఉంటుంది. పానాతో పైభాగం విప్పి, అదే కొలత గల కొత్త వాషరును అమర్చాలి. గోడ వద్ద కారుతుంటే కొళాయిని ఊడదీసి, దాని మరలకు టెఫ్లాన్ టేపును బిగించే దిశలోనే చుట్టి మళ్లీ బిగించాలి. ప్లాస్టిక్ గొట్టమైతే అతిగా బిగించరాదు, పగులుతుంది. ఈ పని చేసేటప్పుడు పిల్లలను ప్రక్కన ఉంచుకుంటే వారూ నేర్చుకుంటారు.

వాషరు ఖరీదు కొద్ది రూపాయలే. అది ఎవరు భరించాలో తరువాత తేల్చుకోవచ్చు. ఇల్లు ఎవరిదైనా నీరు అల్లాహ్ అనుగ్రహం. వాడుకునే మనందరి వద్ద అది అమానతు. ముందుగా చూసినవారమే ముందుగా పూనుకుందాం.