సెలవుల్లో కుక్కపిల్ల సరే, జూన్ 12 తర్వాత?



ఏప్రిల్ వచ్చిందంటే మా క్లాసుల్లో పిల్లలు ఇంట్లో కుదుర్చుకున్న బేరాలు చెప్పుకుంటూ ఉంటారు. ఒకరికి ఫస్ట్ ర్యాంకు వస్తే సైకిల్, ఇంకొకరికి ఏ గ్రేడ్ వస్తే కుక్కపిల్ల. సైకిల్ గురించి నాకు అభ్యంతరం లేదు. తొక్కకపోతే పార్కింగ్‌లో తుప్పు పడుతుంది, అంతే. కుక్కపిల్ల అలా కాదు. ఇంటికొచ్చిన పావుగంటలో హాలు మధ్యలో ఒకటికి పోస్తుంది. ఆ రోజే ఇంకో పదిసార్లు పోస్తుంది. ఎక్కడ పోయాలో దానికి నేర్పే పని ఎవరిది అన్న మాట మాత్రం ఏ బేరంలోనూ ఉండదు.

ఆ పని పెద్దవాళ్లదని నా అభిప్రాయం. ఇంట్లో ఒక్క పెద్ద మనిషైనా 'ఇది నా పని' అని ముందే ఒప్పుకోకపోతే, ఎన్ని మార్కులు వచ్చినా ఆ ఇంటికి కుక్కపిల్లను తేకూడదు.

ఈ టీచరుకు కుక్కలంటే పడదేమో అనుకోకండి. మా అద్దింట్లో కూడా వీధిలో పుట్టిన ఒక నల్ల పిల్లను తెచ్చి పెంచుకున్నాం. దాన్ని దారిలో పెట్టడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది. పై అంతస్తులో ఇంటి ఓనర్లు ఉన్నారు కాబట్టి ఆ నాలుగు నెలలూ మా మెట్లు తళతళలాడాయి.

రెండు నెలల పిల్లకు మూత్రం ఆపుకునే కండరాల మీద పట్టు రాదు. అందరూ చెప్పే ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదు. రెండు నెలల పిల్లకు మూడు గంటలన్నమాట. అదీ నిద్రలో ఉంటే. మెలకువగా ఉండి గంతులేస్తుంటే అరగంటకోసారి పోసినా ఆశ్చర్యం లేదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న కాసేపటికి, ఆట ఆపి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగినప్పుడు, ఈ మూడు వేళల్లో దాన్ని ఎత్తుకుని మనం అనుకున్న చోటికి తీసుకెళ్లాలి. రాత్రి రెండింటికి కూడా. శిక్షణ అంటే ముప్పాతిక వంతు ఇదే. మిగతా పావు వంతు, అది అక్కడ పోసిన మరుక్షణం మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టడం.

ఇప్పుడు క్యాలెండర్ చూద్దాం. మన రెండు రాష్ట్రాల్లో వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ 12 ప్రాంతంలో ముగుస్తాయి. సుమారు ఏడు వారాలు. ఏప్రిల్ 25న రెండు నెలల పిల్లను తెస్తే, బడి తెరిచేనాటికి దానికి మూడున్నర నెలలు. పై లెక్క ప్రకారం నాలుగున్నర గంటలు ఆపుకోగలదు. స్కూలు బస్సు ఉదయం ఏడున్నరకు వస్తుంది, పిల్లలు తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదవుతుంది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లైతే తొమ్మిది గంటలు తాళం. అంతవరకూ చక్కగా నేర్చుకున్న పిల్ల జూన్ రెండో వారంలో మళ్లీ సోఫా పక్కన పోస్తుంది. "అన్నీ మర్చిపోయింది, మొద్దు కుక్క" అంటారు. అది ఏమీ మర్చిపోలేదు. తొమ్మిదిలోంచి నాలుగున్నర తీసేస్తే ఎంత మిగులుతుందో మన రెండో తరగతి పిల్లలు చెబుతారు. పైగా అప్పటికి వానలు మొదలవుతాయి. ఎండాకాలం మేడ మీద అలవాటైన పిల్ల తడి నేల మీద కాలు పెట్టనని మొరాయిస్తుంది.

అందుకే, తేవాలనే నిర్ణయించుకుంటే సెలవుల మొదటి వారంలో తెండి. బడి తెరుస్తున్నారని ఏడుస్తున్న పిల్లాడిని ఊరడించడానికి జూన్ మొదటి వారంలో మాత్రం దయచేసి తేకండి. మధ్యాహ్నం పూట ఎవరు ఇంటికొచ్చి దాన్ని బయటికి తీసుకెళ్తారో ఏప్రిల్‌లోనే తేల్చుకోండి.

"నాయనమ్మ, తాతయ్య ఉన్నారుగా" అని చాలామంది అంటారు. ఉన్నారు సరే, వాళ్లను అడిగారా? మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ రోజుకు ఎనిమిదిసార్లు మెట్లు ఎక్కి దిగగలదా? టైల్స్ మీద పోసింది చూసుకోకుండా కాలు వేసి జారితే, ఆ వయసులో తుంటి ఎముకకు దెబ్బ. దేవుడి గదిలోకి దూరుతుందన్న గొడవ సరేసరి. అది నిజంగా గొడవే, నవ్వి కొట్టిపారేయకండి. మొదటి నెలలు పిల్లకు ఇల్లంతా వదలకూడదు. వంటింటి గుమ్మానికో హాలుకో అడ్డుపలక పెట్టి, కనుచూపు మేరలో ఉంచుకుంటే దేవుడి గదీ దక్కుతుంది, శిక్షణా సులువవుతుంది. ఇంటి పనికి వచ్చే ఆమె సంగతి కూడా అంతే. గిన్నెలు, గుడ్డలకు మాట్లాడుకున్న జీతంలో కుక్క మలం ఎత్తడం లేదు. చేయమంటే విడిగా అడగాలి, విడిగా ఇవ్వాలి.

ఇక పిల్లలు. ఆరో తరగతిలో పెంపుడు జంతువు మీద ఇంగ్లిష్ వ్యాసం రాయిస్తే ఒకబ్బాయి ఇలా రాశాడు: కుక్కతో ఆడటం నా డ్యూటీ, కడగటం అమ్మ డ్యూటీ, అరవటం నాన్న డ్యూటీ. వ్యాకరణం తప్పుల్లేవు. బాధ్యత నేర్పడానికే కుక్కను కొంటున్నామని చెప్పే తల్లిదండ్రులకు ఆ పేజీ చూపించాలనిపించింది. పదకొండేళ్ల పిల్లాడు నీళ్ల గిన్నె నింపగలడు, మెచ్చుకుని ముక్క పెట్టగలడు, సెలవు రోజున పెద్దవాళ్ల వెంట కిందకు తీసుకెళ్లగలడు. రాత్రి రెండింటికి లేవలేడు. లేవకూడదు కూడా, మర్నాడు ఫస్ట్ పీరియడ్‌లో నా ముందే నిద్రపోతాడు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అరవటం నాన్న డ్యూటీ అన్న మాట. చాలా ఇళ్లలో ఇప్పటికీ కుక్కపిల్ల మెడ పట్టుకుని, అది పోసిన చోటే మూతి రుద్దుతారు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అని సమర్థించుకుంటారు. మొక్క నిటారుగా పెరగాలంటే పక్కన కర్ర పాతి కడతాం, ఆ కర్రతో మొక్కను కొట్టం. ఉదయం పదకొండింటికి పోసినదానికి సాయంత్రం ఆరింటికి తిడితే, ఆ రెండింటికీ సంబంధం ఉందని కుక్కకు తెలియదు. "తెలుసు మేడమ్, తప్పు చేసినట్టు మొహం పెడుతుంది" అంటారు. ఆ మొహం సంగతి న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ పరీక్షించి చూశారు. 14 కుక్కలతో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. తినొద్దన్న ముక్కను కుక్క తిన్నదా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదని తేలింది. యజమాని తిడితే ఆ మొహం వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది ఇంకా ఎక్కువగా కనిపించింది. మనం పశ్చాత్తాపం అనుకుంటున్నది భయం.

భయపడిన పిల్ల నేర్చుకునేది ఒక్కటే, మనుషులు చూస్తుండగా పోయకూడదని. తర్వాత మంచం కింద, తలుపు వెనక పోస్తుంది. మీరు గొలుసు పట్టుకుని అరగంట కింద తిప్పినా మీ ఎదుట పోయదు, ఇంట్లోకి రాగానే కర్టెన్ వెనక్కి వెళ్తుంది. అప్పుడు "పగబట్టింది" అంటారు. బీఎడ్‌లో పావ్‌లోవ్ కుక్కనీ, థార్న్‌డైక్ పిల్లినీ, స్కిన్నర్ ఎలుకనీ పరీక్ష కోసం బట్టీపట్టిన వాళ్లం మేము. వాటిలో నాకు పనికొచ్చిన మాట, మెచ్చుకోలు వెంటనే అందాలన్నది. మన ఎల్‌కేజీలో చిన్నపిల్లలు బట్టలు తడుపుకుంటే ఆయమ్మ ఒక్క మాట అనకుండా బట్టలు మార్చి కూర్చోబెడుతుంది. అది క్రమశిక్షణ సమస్య కాదని ఆమెకు తెలుసు. ఇంట్లో కుక్కపిల్లకు పడే దెబ్బలను ఆ ఎల్‌కేజీ పిల్లలే గుమ్మంలో నిలబడి చూస్తుంటారు.

కొన్ని పని విషయాలు. పోస్తున్నప్పుడు కంటపడితే చప్పట్లు కొట్టి ఆపి, ఎత్తుకుని వెళ్లండి, చాలు. కంటపడకపోతే మాట్లాడకుండా తుడిచేయండి. ఫినాయిల్ వాసన మన ముక్కును కమ్మేస్తుంది కానీ కుక్క ముక్కును కాదు, పాత వాసన దానికి తెలుస్తూనే ఉంటుంది. ఆ తడి మీద నడిచి పాదాలు నాకితే ప్రమాదం కూడా. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి. పాత గుడ్డతో తడి పీల్చేశాక అది వేసి డబ్బా మీద చెప్పినంతసేపు వదిలేయండి. కాలికి మెత్తగా తగిలే డోర్‌మ్యాట్లు కొన్నాళ్లు ఎత్తిపెట్టండి. న్యూస్‌పేపరు మీద అలవాటు చేస్తే, సోఫా పక్కన నాన్న చదివి పడేసిన పేపరు కూడా దానికి అదే పేపరు. టీకాలు 16 వారాల దాకా సాగుతాయి. అవి పూర్తయ్యేవరకు వీధి కుక్కలు తిరిగే చోట దించకండి, మలం ద్వారా పార్వో సోకుతుంది. అప్పటిదాకా బాల్కనీలోనో మేడ మీదో ఒక మూల చూసుకోండి. నేర్చుకున్న పిల్ల ఉన్నట్టుండి మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తుంటే తిట్టకుండా పశువుల డాక్టరుకు చూపించండి, ఇన్‌ఫెక్షన్ కావచ్చు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పడుకునే చోటికి దూరంగా వెళ్లి పోసే అలవాటు తల్లి దగ్గర ఉన్నప్పుడే మొదలవుతుంది. ఐదు వారాలకే ఇచ్చేవాళ్ల దగ్గర కొనకండి.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఇల్లు కంపు కొడుతోందన్న గొడవ మొదలైన కొన్నాళ్లకు ఆ కుక్క ఇంట్లో ఉండదు. 'ఫామ్‌హౌస్‌కు పంపించాం' అని పిల్లలకు చెబుతారు. పిల్లలు నమ్మరు, క్లాసులో వాళ్ల మాటలు వింటే తెలుస్తుంది. తిండీ నీళ్లూ దొరకక బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 50 రూపాయలు మించదు, కాబట్టి చట్టానికి భయపడి ఆగేవాళ్లు ఉంటారనుకోను.

ఈ సెలవుల్లో కుక్కపిల్లను తెచ్చుకునే ఇళ్లలోని నా ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ హాలిడే హోంవర్కు మార్చి ఇస్తున్నాను. వ్యాసాలు వద్దు. రోజూ ఒక పేజీ డైరీ. ఎన్నింటికి తిన్నది, ఎన్నింటికి లేచింది, ఎక్కడ పోసింది, ఎవరు తుడిచారు, అంతా సింపుల్ పాస్ట్ టెన్స్‌లో. రెండు వారాలు రాస్తే అది ఏ వేళకు పోస్తుందో ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. రాసే పని పిల్లలది. రాత్రి రెండింటి గడి ఎవరు నింపుతారో మీరు ఇంట్లో తేల్చుకోండి. ఆ గడిలో పిల్లల చేతిరాత కనిపిస్తే నేను ఫోన్ చేస్తాను.