సీటు వస్తుందా? : ఒక ఆలోచన

ప్రతి సంవత్సరమూ ఎండలు ముదిరే వేళకు మా ఉపన్యాసకుల గది గుమ్మం వద్దకు ఒక ప్రశ్న వస్తుంది. అడిగే ముఖాలు మారుతుంటాయి. ప్రశ్న మాత్రం మారదు. "సార్, నాకు సీటు వస్తుందా?" మాచర్ల పిల్లవాడు ఇంజనీరింగు గురించి అడుగుతాడు. గురజాల అమ్మాయి వైద్యవిద్య గురించి అడుగుతుంది. డిగ్రీ చివరి సంవత్సరం వారు హైదరాబాదు విశ్వవిద్యాలయం పేరెత్తి, ఎత్తినందుకే తప్పు చేసినట్లు తల వంచుకొంటారు.

మనమిచ్చే జవాబు చాలావరకు మన స్వభావాన్ని బట్టి ఉంటుందేగాని అడిగినవారి అవకాశాన్ని బట్టి ఉండదు. ఉత్సాహవంతుడైన అధ్యాపకుడు "ఎందుకు రాదోయ్!" అంటాడు. విసిగినవాడు "మనబోటివాళ్ళకు కష్టం నాయనా" అంటాడు. ఇక శిక్షణ సంస్థలవారు కూడలిలో కట్టే ఫ్లెక్సీలను చూస్తే సీటు రానివాడంటూ ఈ భూమి మీద లేడనిపిస్తుంది. వీటిలో ఏదీ అంచనా కాదు. అంచనా అంటే లెక్క. ఆ లెక్క వేయడం నాకు చాలాకాలం చేతకాలేదని ఒప్పుకొనడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2024 జనవరిలో జరిగిన సంగతి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో పనిచేసే ఒకాయన కుమార్తె, మా బి.ఏ. చివరి సంవత్సరం విద్యార్థిని, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదవాలని ఉన్నదనీ, తనకు వచ్చే అవకాశం ఉన్నదా అనీ అడిగింది. ఆ అమ్మాయి పద్యం చదివితే వెనుక బెంచీ కూడా నిశ్శబ్దమయ్యేది. నేను ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు. "అది దేశమంతా వ్రాసే పరీక్ష అమ్మా. లక్షలమంది వ్రాస్తారు. దగ్గర్లో నాగార్జున ఉన్నది గదా, అక్కడ చూసుకో" అన్నాను. "సరే సార్" అన్నది. దరఖాస్తు పెట్టలేదు. అదే తరగతిలో ప్రతి పరీక్షలోనూ ఆమెకంటే వెనుకబడిన మరొక విద్యార్థి, మమ్మల్నెవరినీ అడగకుండా సెల్‌ఫోనులోనే దరఖాస్తు నింపి, పరీక్ష వ్రాసి, అదే విశ్వవిద్యాలయంలో అదే ఎం.ఏ.లో చేరి, మిఠాయి పెట్టెతో వచ్చి నాకు సలాం చేసి వెళ్ళాడు.

ఆ మిఠాయి నాకు తీపి అనిపించలేదు. లక్షలమంది వ్రాస్తారన్నది అబద్ధం కాదు. కాని ఆ లక్షలమందీ తెలుగు ప్రశ్నపత్రం వ్రాస్తారా? బీహారు పిల్లవాడు నన్నయను గురించి, కేరళ అమ్మాయి ఛందస్సును గురించి జవాబులు గుర్తించడానికి వచ్చి కూర్చుంటారా? ఆ అమ్మాయితో పోటీ పడేవారు మన రెండు రాష్ట్రాలలోనూ, కొంత బయటా తెలుగు చదువుకొన్న పిల్లలు. వారిలోనూ ఆ సంవత్సరం ఆ పత్రం ఎన్నుకొన్నవారు. పరీక్ష పెద్దది గనుక పోటీ కూడా అంత పెద్దదని నేను భ్రమపడ్డాను. ఇంత చిన్న విషయం ఎం.ఏ. చదివినవాడికి తట్టకపోవడం ఎంత అన్యాయం!

దీనికి మూలం నా చదువులోనే ఉన్నదేమో. నేను ఎం.ఏ. చదివినది నాగార్జున విశ్వవిద్యాలయంలో. 1976లో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు ప్రారంభించిన ఆ విద్యాలయం మా తరానికి తల్లివంటిది. దాని ఋణం తీర్చుకోలేను. కాని అది తప్ప మరొకటి ఉన్నదని నాకు చెప్పినవారు లేరు. హైదరాబాదు విశ్వవిద్యాలయం మన ప్రాంతపు ఉద్యమాల తరువాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా, 1974లో వెలసినది. అంటే మనవారి గొడవ తీర్చడానికి మనవారి కోసం పుట్టిన విద్యాలయం. దాని పేరెత్తడానికి యాభై ఏండ్ల తరువాత కూడా మన పిల్ల తల వంచుకొంటున్నది. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇంతకూ లెక్క ఎక్కడ మొదలు పెట్టాలి? మార్కులతో మొదలుపెట్టేవారే ఎక్కువ. అది జారుడు మెట్టు. నీట్ పరీక్షనే చూడండి. 2023లో 720కి 720 తెచ్చుకొన్నవారు దేశం మొత్తం మీద ఇద్దరు. 2024 జూన్ 4న వెలువడిన ఫలితాలలో వారు 67 మంది. వివాదమూ విచారణా ముగిసి జాబితా సవరించిన తరువాత 17 మంది. 2025లో దేశంలో ప్రథమ స్థానానికే 686 మార్కులు. ఆ యేడు 650 దాటినవారు 73 మంది. అంతకు ముందటి యేడు వేలకొలది. కనుక "మా వాడికి ఇన్ని మార్కులు వచ్చినవి, సీటు వస్తుందా" అని అడిగే తండ్రికి నేను "ఏ సంవత్సరపు మార్కులండీ" అని ఎదురు ప్రశ్న వేయవలసి వస్తున్నది. అడగవలసినది ర్యాంకు. ఆ ర్యాంకును పోల్చవలసినది గత రెండు మూడేండ్లలో ఆ కళాశాలలో, ఆ శాఖలో, ఆ వర్గానికి సీటు దక్కిన చివరి ర్యాంకుతో.

ఈ చివరి ర్యాంకులు రహస్యాలేమీ కావు. మన రాష్ట్ర ఇంజనీరింగు ప్రవేశాలకు కళాశాలవారీగా పట్టికలు బహిరంగంగానే దొరుకుతవి. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.ల ప్రవేశాలకు కూడా మొదటి ర్యాంకు, చివరి ర్యాంకు ప్రకటిస్తున్నారు. రాష్ట్ర పట్టికలో బి.సి.–ఇ బాలురు, బి.సి.–ఇ బాలికలు అని వేర్వేరు గడులు ఉంటవి. నరసరావుపేటలోనే 2016లో ఏర్పడిన కాకినాడ జె.ఎన్.టి.యు. వారి ఇంజనీరింగు కళాశాల వరుస కూడా అందులో ఉన్నది. మన బస్సు దిగే ఊళ్ళో ఉన్న ప్రభుత్వ కళాశాల అది. ఆ వరుసను తెరచి చూచిన విద్యార్థులు చేతులెత్తండని ఒకనాడు తరగతిలో అడిగితే ఒక్క చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎత్తినవాడి అన్న అక్కడ చదువుతున్నాడట.

అర్హతకూ ప్రవేశానికీ తేడా తెలియనివారు కూడా మనలో తక్కువేమీ కాదు. ఈ.ఏ.పి.సెట్ 160 మార్కుల పరీక్ష. సాధారణ వర్గాలకు అందులో 40 వస్తే అర్హత. పత్రికలో "అర్హత సాధించారు" అని చదివి బంధువులకు విందు చేసిన ఇల్లు నాకు తెలుసు. పైగా కరోనా కాలంలో కొంతకాలం తప్ప, ఆ ర్యాంకులో నాలుగో వంతు ఇంటర్మీడియట్ మార్కులదే. ఇంటరు మార్కులతో పనిలేదని చెప్పి పిల్లలను బహుళైచ్ఛిక ప్రశ్నలకే కట్టివేసే పెద్దలు ఈ నాలుగో వంతును మరచిపోతున్నారు.

స్థానికత మాట మాచర్లవారికి ముఖ్యంగా చెప్పాలి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రప్రభుత్వ పరిధిలోని సీట్లలో 85 శాతం స్థానికులవి. తక్కిన 15 శాతం అందరివి. మన పల్నాడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనిది. కాని కృష్ణ దాటి అవతలి ఒడ్డున నల్లగొండ జిల్లాలో చదివే పిల్లలు మనకున్నారు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేండ్ల చదువు ఎక్కడ సాగినదో మొదట చూస్తారు. అది తేలకపోతే ఏడేండ్ల లెక్క తీస్తారు. మాచర్లవారి వనవాసం కూడా ఏడేండ్లే గదా! దగ్గరని ఏటి అవతల చేర్పించే తండ్రులు చేర్పించే ముందే ఈ లెక్క చూసుకోవాలి. తరువాత చూసి ప్రయోజనం లేదు.

మన సముదాయంలో ఇంకా పెద్ద చిక్కు ధ్రువపత్రాలది. 2007 చట్టం వల్ల రాష్ట్రంలో బి.సి.–ఇ కింద మనలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం ఏర్పడింది. న్యాయస్థానాలలో వ్యాజ్యాలు నడిచినా, 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది సాగుతూ వచ్చింది. మన పిల్లలు ఆ పత్రాన్నే పట్టుకొని కేంద్ర విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టి, ఒ.బి.సి. గడిలో గుర్తు పెడతారు. కేంద్ర జాబితా వేరు, రాష్ట్ర జాబితా వేరు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు రెండింటిలోనూ ఉన్నారు; రాష్ట్రంలో వారిది బి.సి.–బి. తక్కినవారు తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి. లేకపోతే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలలోపు ఉండి తక్కిన నిబంధనలూ సరిపోతే, 2019 నుంచి అమలులో ఉన్న ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటాకు వారు అర్హులు కావచ్చు. ఆ పత్రం ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ప్రతి యేటా కొత్తది తీసుకోవాలి. తప్పు గడిలో గుర్తు పెట్టిన పిల్లవాడికి మంచి మార్కులు వచ్చీ సీటు చేజారిపోతుంది. ఇంట్లోవారు "చదువులో తప్పాడు" అంటారు. చదువులో తప్పలేదు, తహసీల్దారు కార్యాలయంలో తప్పాడు.

తేదీల మాట కూడా అనాలి. కేంద్ర విశ్వవిద్యాలయాల పి.జి. పరీక్షకు 2024లోనూ, 2025లోనూ దరఖాస్తు గడువు ఫిబ్రవరిలోనే ముగిసింది. మనవారు డిగ్రీ పరీక్షలు ముగించుకొని తీరుబడిగా ఎండాకాలంలో అడుగుతారు. అప్పటికి అవకాశం సున్న. దానికి ఏ లెక్కా అక్కర్లేదు.

ఉర్దూ విద్యార్థుల విషయం నా శాఖలోనిది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో ఏర్పడిన కేంద్ర సంస్థ. అక్కడ చేరడానికి ఉర్దూ మాధ్యమంలోనే చదివి ఉండనక్కరలేదు. ఉర్దూ ఒక విషయంగా చదివినా చాలు. మన కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. డిగ్రీ ప్రవేశాల ఉమ్మడి పరీక్షలో తెలుగు, ఉర్దూ రెండూ భాషా పత్రాలుగా ఉన్నవి. దేశంలో చాలామందికి లేని రెండు తాళపుచెవులు మన పిల్లల జేబులో ఉన్నవి. వాటిని బరువనుకొని, ఇంగ్లీషు రానందుకు చింతిస్తూ తిరుగుతున్నారు.

పల్నాటి కథలో రాజ్యమంతా ఒక కోడి మీద ఒడ్డారు. మనమూ పిల్లల చదువును ఒక్క పరీక్ష మీద ఒడ్డుతున్నాము. నీట్ వ్రాసేవాడు మరొకటి వ్రాయడు. ఆ ఒక్కటి పోతే రెండేండ్లు మళ్ళీ దానికే. లెక్క తెలిసినవాడు మూడు దరఖాస్తులు పెడతాడు: ఒకటి ఆశకు, ఒకటి తన ర్యాంకుకు సరిపోయేది, ఒకటి తప్పక దొరికేది. దీనికి ధైర్యమక్కరలేదు, దరఖాస్తు రుసుము కావాలి. ఆ రుసుము లేకనే ఆగిపోయేవారున్నారని పాలకవర్గం పెద్దలకు విన్నవిస్తున్నాను.

2006 నాటి సచార్ సంఘపు నివేదిక దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల డిగ్రీ విద్యార్థులలో ఇరవై అయిదుగురికి ఒక ముస్లిం, పి.జి.లో యాభై మందికి ఒకరు ఉన్నారని చెప్పింది. ఆ అంకెలను మన సభలలో చాలామంది చదివి, నిట్టూర్చి, ప్రభుత్వాన్ని నిందించి కూర్చున్నారు. నిందించవలసిన చోట నిందించవలసిందే. కాని వ్రాసి తప్పినవారి పేర్లు ఎక్కడో ఒకచోట ఉంటవి. వ్రాయనే వ్రాయనివారి లెక్క ఏ నివేదికలోనూ కనబడదు. ఆ లెక్కలో మా అమ్మాయి ఒకరు. ఆమెను అందులో చేర్చినవాడిని నేను.

ఆ మరుసటి యేడు ఆమె బడి నుంచి వస్తూ పిడుగురాళ్ళ బస్‌స్టాండులో కనిపించింది. ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతున్నదట. క్షమించమ్మా, ఆనాడు నీకు తప్పు చెప్పాను అన్నాను. ఆమె నవ్వి, "మీరు వస్తుందని ఉంటే, ఆ మాట చెప్పి మా అబ్బాను ఒప్పించేదాన్ని సార్" అన్నది. అప్పటికి గాని నాకు బోధపడలేదు. ఆమె నన్ను అడిగినది సమాచారం కోసం మాత్రమే కాదు. ఆడపిల్లను హైదరాబాదు హాస్టలుకు పంపడమా అని ఇంట్లో వాదన నడుస్తున్నది. ఆ వాదనలో తన పక్షాన ఒక మాట కావలసి వచ్చింది. నా "కష్టం" అన్న మాట తీర్పుగా ఇంటికి వెళ్ళింది. మనం గుమ్మం దగ్గర నిలబడి తేలికగా అనే మాటలు ఇళ్ళలో ఎంత బరువు మోస్తాయో మనకు తెలియదు.

కళాశాల పాలకవర్గానికి నాదొక చిన్న కోరిక. ప్రతి యేటా వార్షికోత్సవంలో ర్యాంకు తెచ్చినవారికి శాలువ కప్పుతున్నాము, కప్పవలసిందే. దానితోపాటు గ్రంథాలయంలో ఒక దస్తరు పుస్తకం పెట్టండి. ఎవరు ఏ పరీక్ష వ్రాశారు, ఎన్ని మార్కులు, ఏ ర్యాంకు, ఏ వర్గం, స్థానికులా కాదా, ఏ విడతలో ఎక్కడ సీటు వచ్చింది, రాకపోతే ఎందుకు రాలేదు. పేర్లు వద్దనుకొన్నవారికి క్రమసంఖ్య చాలు. రానివారి వరుసలు వచ్చినవారి వరుసలకంటే మనకెక్కువ పనికివస్తవి. నాలుగేండ్లు నింపితే చాలు, అయిదో యేట గుమ్మం దగ్గరకు వచ్చిన పిల్లకు నేను నా స్వభావాన్ని బట్టి జవాబు చెప్పనక్కరలేదు. పేజీ తిప్పి చూపిస్తాను. ఖర్చు ఒక పుస్తకం, ఒక బీరువా అర, జులైలో గుమాస్తా గారి వారం రోజుల శ్రమ.

అనుమతి వచ్చేలోగా ఒక లాంగు నోటుపుస్తకంలో నేనే మొదలుపెట్టాను. ఈ యేడు ఆమె చేత దరఖాస్తు పెట్టించాను. రుసుము నేను కడతానంటే ఒప్పుకొనక తన జీతంలోనుంచే కట్టింది. వాళ్ళ అబ్బాతో నేనే వెళ్ళి మాట్లాడాను. ఆయన చాలాసేపు ఏమీ అనక, చివరకు హాస్టలులో అన్నం బాగుంటుందా అని అడిగారు. పుస్తకంలో మొదటి వరుస ఆమెదే. ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి ఫలితం రాలేదు గనుక చివరి గడి ఖాళీగా ఉన్నది.