వంటింటి విద్యకు విలువ లేదా?

పెండ్లి కేకు మన ఆచారం కాదని, అది వృథా వ్యయమని పెద్దలు కొందరు అంటూ ఉంటారు. వారి మాటలో సత్యం లేకపోలేదు. 1840లో విక్టోరియా రాణి వివాహానికి చేసిన కేకు సుమారు 300 పౌండ్లు తూగింది. అదే బ్రిటన్‌లో 1940లో, యుద్ధకాలపు చక్కెర కొరత వలన కేకులపై చక్కెర పూత నిషేధింపబడగా, అలంకరించిన అట్టపెట్టెను చిన్న కేకుపై బోర్లించి వివాహాలు జరుపుకున్నారు. పూత లేనందున పెండ్లిళ్ళు ఆగలేదు. కనుక ఆడంబరాన్ని సమర్థించటం మా ఉద్దేశం కాదు. ఇంట స్వయంగా కేకు చేయటంలో ఇమిడి ఉన్న విద్యను గురించియే మా మనవి.

మా సహాధ్యాయిని వివాహానికి ఉర్దూ, తెలుగు మాధ్యమాల విద్యార్థినులం కొందరం కలిసి చార్మినార్ ఆకారంలో కేకు చేయ సంకల్పించాము. 1591 నాటి ఆ కట్టడం మా అందరికీ ఆత్మీయమైనది గనుక ఎంపికలో వాదమే రాలేదు. క్రింద పన్నెండు అంగుళాల చదరం, పైన ఆరు అంగుళాల చదరం, దాని నాలుగు మూలలా చక్కెర ముద్దతో మినార్లు. జెలటిన్ జంతువుల ఎముకల నుండి, చర్మం నుండి తీయబడేది గనుక, అతిథులందరి ఆచారాలనూ తలచి దానిని వాడలేదు. మినార్లను రెండు రోజులు ముందే చేసి ఆరబెట్టాము.

ఆరు అంగుళాల కేకుకు మూడు గుడ్లు, మైదా, వెన్న, చక్కెర నూటయాభై గ్రాముల చొప్పున సరిపోయాయి. పన్నెండు అంగుళాలకు అన్నీ రెట్టింపు చేశాము. పొయ్యి నుండి తీసి చూడగా అది కేకు వలె గాక రొట్టె వలె పలుచగా ఉన్నది! మాలో బి.యస్సీ. గణితం చదివేవారు ఇద్దరున్నారు.

పెండ్లికూతురి ఖాలా చూసి నవ్వి, "బేటా, వెడల్పు రెండింతలయితే పళ్ళెం నాలుగింతల పిండి అడుగుతుంది. పెద్దది కుదరకపోతే చిన్నవి నాలుగు చేసి ప్రక్కప్రక్కన పెట్టండి" అన్నారు. ఆరు ఆర్లు ముప్పదియారు, పన్నెండు పన్నెండ్లు నూటనలుబదినాలుగు. మేము పరీక్షలో వ్రాసి మరచిన లెక్కను బడి ముఖం చూడని ఆమె చేతులు మరువలేదు. ఆమె చెప్పినట్లే చేశాము. అతుకులు పూత క్రింద మరుగుపడ్డాయి. పై అంతస్తు బరువుకు క్రిందిది కుంగకుండా, ఒక్కొక్క ముక్కలో ఒక్కొక్క శుభ్రమైన కర్రపుల్లను కేకు ఎత్తుకు సరిగా కోసి నిలిపించారు. ఆ పుల్లలపై పలుచని పలక, పలకపై రెండవ కేకు. బరువు మోసేది పుల్లలే గాని మెత్తని కేకు కాదు.

వివాహంలో అందరూ మినార్లను మెచ్చుకున్నారు, మమ్ము ప్రశంసించారు. "కాలేజీ పిల్లలు గనుక చేయగలిగారు" అన్నవారూ ఉన్నారు. ఆ సమయంలో ఖాలా వంటశాలలో గిన్నెలు సర్దుతున్నారు. ఆ ప్రశంసను సగర్వంగా స్వీకరించిన మేము ఆమె పేరు ఎత్తలేదు. ఆ తప్పు మాదే. ఈ నాలుగు మాటలు వ్రాయటానికి అదే కారణం.

పట్టా ఉన్నవారి తెలివిని విద్య అంటాము. పట్టా లేని స్త్రీల తెలివిని చేతివాటం అని తీసివేస్తాము. ఈ భేదం న్యాయం కాదు. కొలత, తూనిక, వేడిమి, బరువు మోపే పద్ధతి, వాన గాలిలో పూత ఎంతసేపటికి ఆరునో ఎరుక, ఇవన్నీ వారి వద్ద ఉన్నాయి. అడిగి నేర్చుకొనే వారు లేరు.

కమిటీ వారికి మా విన్నపం స్వల్పమైనది. వార్షికోత్సవ ప్రదర్శనలో మన తల్లులకు, ఖాలాలకు, పిన్నమ్మలకు ఒక్క బల్ల కేటాయించండి. చేసి చూపించేవారు వారు కావాలి. ప్రక్కన నిలిచి కొలతలు వ్రాసుకొనేవారం మేము కావాలి. ఆ కాగితంపై వారి పేర్లు మొదట వ్రాయబడాలి.